ఫారంలో ఊరు అనే గడి

రేపల్లెలో ఫుట్‌బాల్ సంగతి ఎత్తితే చాలు, పాతవాళ్లందరూ ఒకే కథ చెబుతారు. "మన లీగ్ నిక్షేపంగా నడుస్తుండేది. ఏటి అవతలి వాళ్లు దొంగ చిరునామాలతో దూరారు. దొరికిపోయారు. దాంతో లీగ్‌ని అవతలికి తీసుకెళ్లే ముచ్చట ముగిసింది." ఈ కథని పెళ్లిళ్లలో విన్నాను, తెనాలి ప్యాసింజర్‌లో విన్నాను. ఒకసారి నేనెవరో తెలియని పెద్దమనిషి ఒకాయన నాకే చెప్పాడు, చేతులు తిప్పుతూ, తాను దగ్గరుండి చూసినట్టు. ఆ కథలో మొదటి వాక్యం సగం నిజం. మిగతాది నిజం కాదు. ఎవరూ దూరలేదు, ఎవరూ దొంగతనం చెయ్యలేదు. అప్పట్లో జరిగినదానికి కారణాలు రెండే. నేను గీసిన ఒక గడి, నేను గెలిచిన ఒక వాదన. ఆ రెండింటి కిందా నలిగినవాడు ఒక గోల్‌కీపర్.

అది 2006. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. పిల్లల భాషలో పీడీ మేడం. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఆరు జట్లతో నడిచే ఫుట్‌బాల్ లీగ్‌కి రిజిస్ట్రార్‌ని కూడా. రిజిస్ట్రార్ అంటే ఎవరు ఏ జట్టు మనిషో కాగితం మీద తేల్చే మనిషి. ఆడమనిషికి ఫుట్‌బాల్‌తో పనేంటని మొదట్లో అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకి చూపించడానికి రిఫరీ సర్టిఫికెట్ ఉండేది. అది చాలదన్నవాళ్లకి నా నోరు ఉండేది.

లీగ్ అధ్యక్షుడు సుభానీ భాయ్. తెనాలిలో వెల్డింగ్ షాపు. ఊళ్లో సగం ఇళ్ల గేట్లు ఆయన చేసినవే, మా గోల్‌పోస్టులన్నీ ఆయన చేసినవే. "మనది ప్రొఫెషనల్ లీగ్" అని మైకులో చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం లావయ్యేది. ప్రొఫెషనల్ అంటే పెద్దగా ఏమీ లేదు. ఆడినవాడికి మ్యాచ్‌కి ఇంత అని ముట్టేది. బదులుగా అతను ఆ సీజనంతా ఒకే జట్టుకి కట్టుబడాలి. జట్టు మారాలంటే పాత జట్టు ఎన్‌వోసీ ఇవ్వాలి, అంటే మాకేం అభ్యంతరం లేదని రాసిన కాగితం. బయటి నుంచి పేరున్న ఆటగాళ్లని ఒక్కరోజుకి దింపి కప్పు ఎత్తుకుపోకుండా ఇంకో రూలు కూడా పెట్టుకున్నాం. ఏటికి ఇవతల, లీగ్ హద్దుల్లో ఉన్న ఊళ్ల వాళ్లే ఆడాలి. ఊరు తప్పు రాస్తే రెండు సీజన్ల నిషేధం. ఆ రూలు రాసింది నేనే. రిజిస్ట్రేషన్ ఫారం తయారు చేసిందీ నేనే. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, సంతకం. ఐదు గడులు. చూడముచ్చటగా ఉందని అప్పట్లో మురిసిపోయాను.

రేపల్లె పక్కన, ఏటికి ఇవతలి ఒడ్డున ఉన్న పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన కొత్తగా వాడుకలోకి వచ్చిన రోజులవి. అంతకుముందు అవతలికి పోవాలంటే పడవే. గాలి వాటంగా లేకపోతే పడవ ఉండదు. అందుకే రేపల్లె వాళ్లు నదికి అటుపక్కని సరదాగా "అవతలి దేశం" అనేవాళ్లు. ఎవరైనా అక్కడికి పిల్లనిస్తే "విదేశీ సంబంధం" అని నవ్వుకునేవాళ్లు. వంతెన వచ్చాక ఆ విదేశం బస్సులో పావుగంట దూరమైంది. ఆ ఏడే అవతలి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మేమూ జట్టు కట్టుకున్నాం, మమ్మల్నీ లీగ్‌లో చేర్చుకోండి అని. కింద పదమూడు సంతకాలు.

ఉత్తరం వచ్చిన నాలుగో రోజున ఏడుకొండలు మా కాలేజీకి వచ్చాడు. రేపల్లె జట్టు గోల్‌కీపర్. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. ఐదేళ్లుగా ఆ గోల్‌లో అతను తప్ప ఇంకొకరు నిలబడగా నేను చూడలేదు. గ్రౌండ్ గట్టు మీద కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"మేడం గారూ, ఆ ఉత్తరం మా వాళ్లదేనండి. శనివారాలు నేనే నేర్పుతున్నాను. వాళ్లని చేర్చుకుంటే వచ్చే ఏడు నేను అక్కడ ఆడతానండి. మాస్టారితో ఎన్‌వోసీ ఇప్పించాలి మీరు."

"మా వాళ్లేంటయ్యా, నీది పెనుమూడి కదా?"

"పెనుమూడి మా అక్క ఊరండి. మాది అవతల."

నేను లోపలికి వెళ్లి బీరువాలోంచి అతని ఫారం తెచ్చాను. ఊరు అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో పెనుమూడి అని ఉంది.

"మరి ఇదేంటి?"

"వంతెన రాకముందు, ఆదివారం మ్యాచ్‌కి పొద్దున పడవ ఉంటుందో ఉండదో అని శనివారమే అక్క ఇంటికి వచ్చేసేవాణ్ణండి. సీజన్‌లో తిండీ పడకా అక్కడే. మాస్టారు ఫారాలు నింపుతూ ఏ ఊరి నుంచి వస్తున్నావురా అన్నారు. పెనుమూడి నుంచండీ అన్నాను. అదే రాశారు."

"నీ ఫారం మాస్టారు నింపారా?"

"అందరివీ ఆయనేనండి. ఆయన దస్తూరీ బాగుంటుంది కదండీ."

మాస్టారంటే కోటేశ్వరరావు గారు. రేపల్లె జట్టు కార్యదర్శి, రిటైరైన తెలుగు మాస్టారు. ఆటగాడు నా ఎదుట కూర్చుని తన ఫారం తానే నింపి సంతకం పెట్టాలన్నది మా పద్ధతి. ఆ పద్ధతీ నాదే. కానీ రేపల్లె ఫారాల కట్ట ప్రతి ఏడూ ప్యాసింజర్ బండిలో ఎవరో ఒకరి చేతిలో వచ్చేది. అందమైన అక్షరాలు, చక్కటి వరస, నేను ముద్ర కొట్టి బీరువాలో పెట్టేదాన్ని.

మన భాషలో ఊరు అన్న మాట ఎంత వెడల్పో ఆ రోజు గట్టు మీద నిలబడి మొదటిసారి ఆలోచించాను. పుట్టిన చోటూ ఊరే, ఉంటున్న చోటూ ఊరే, పొద్దున బస్సెక్కిన చోటూ ఊరే. ఇన్ని అర్థాలున్న మాటని రెండంగుళాల గడిలో పెట్టి, తప్పు రాస్తే నిషేధం అని కింద రూలు రాసిన మనిషిని ఏమనాలి?

వెళ్లేముందు ఏడుకొండలు ఒక మాట అడిగాడు. "ఈ సంగతి ఇప్పుడే ఎవరితో అనకండి మేడం. మాస్టారికి నేనే చెప్పుకుంటాను. ఆయన నన్ను కొడుకులా చూశారు."

"అనను" అన్నాను.

పది రోజులకి బాపట్లలో ఒక స్కూలు గదిలో లీగ్ మీటింగ్. ఆరుగురు కార్యదర్శులు, సుభానీ భాయ్, నేను. విషయం ఒకటే, లీగ్‌ని ఏటి అవతలికి విస్తరించాలా వద్దా. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చుని రెండు గంటలు వాదించుకున్నాం.

మాస్టారు లేచారు. ఆయన చెప్పినవన్నీ చెత్త అని నేను ఈనాటికీ అనను. అవతలి గ్రౌండ్ మేం చూడలేదు. రిఫరీలు ఎక్కడి నుంచి వస్తారు? గొడవైతే ఏ జిల్లా పోలీసులకి చెప్పుకోవాలి? ఇక్కడి జనం తమ జట్టు వెనకాల అంత దూరం వెళ్తారా? ఇవి అడగాల్సిన ప్రశ్నలే. ఈమధ్య పెద్ద పెద్ద దేశాల లీగ్‌లు పక్క దేశంలో జట్టు పెట్టాలా వద్దా అని తన్నుకుంటుంటే పేపర్లో చదువుతున్నాను. అక్కడ కోట్లు వేసుకున్నవాళ్లు అడిగేవీ ఇవే ప్రశ్నలు. మా మాస్టారు వాళ్లకంటే శుభ్రమైన తెలుగులో అడిగారు.

కానీ ఆయన అంతటితో ఆగలేదు. "అసలు సంగతి వేరే ఉందమ్మా. లీగ్ అంటే మన మట్టి, మన మనుషులు. అవతలి వాళ్ల ఆట వేరు, వాళ్ల తీరు వేరు. రేపు కలిశాక ఇది మన లీగ్ ఎలా అవుతుంది?"

"వంతెన దాటినంత మాత్రాన కాళ్లు వెనక్కి తిరుగుతాయా మాస్టారూ? పాస్‌పోర్ట్ ఆఫీసు పెనుమూడిలో పెట్టించమంటారా?"

నేనలా అనగానే అందరూ నవ్వారు. సుభానీ భాయ్ కూడా నవ్వి, "చెల్లెమ్మా, మెల్లగా" అన్నారు.

మాస్టారు నవ్వలేదు. "వెటకారం తేలికమ్మా. ఐదేళ్లుగా ఒక్క బయటి మనిషి లేకుండా నడిపాం. అది మా రేపల్లె గొప్ప."

నాకు ఒళ్లు మండింది. ఆ ఫారాలు నింపిన చెయ్యి ఆయనదే. అవతలి జట్టు వస్తే గోల్‌కీపర్ చేజారతాడని ఆయన పసిగట్టారనీ, ఆ భయాన్నే మట్టి, మనుషులు అని ముస్తాబు చేస్తున్నారనీ అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఏడుకొండలు పడవ దిగి వచ్చేవాడన్న సంగతి ఆయన నిజంగానే మర్చిపోయారేమో. ఐదేళ్లు తన మనిషి అనుకుంటే ఎవరికైనా మరుపు వస్తుంది. ఆ క్షణంలో నాకు ఇవేవీ తట్టలేదు. గెలవాలి, అంతే.

"బయటి మనిషి లేడా? అవతలి మనిషి ఐదేళ్లుగా మీ గోల్‌లోనే నిలబడ్డాడు మాస్టారూ. ఏడుకొండలుది ఏ ఊరో కనుక్కోండి. వాడు ఆడగా లేనిది, వాడి ఊరివాళ్లు ఆడితే లీగ్ మైలపడిపోతుందా?"

వాదనకి అంతకంటే మంచి దెబ్బ లేదు. మాస్టారు మెల్లగా కూర్చున్నారు. దాన్ని నేను నా గెలుపనుకున్నాను, సుమారు అర నిమిషం పాటు. అప్పుడు బాపట్ల కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"అయితే మేడం, అతని ఫారంలో ఏ ఊరని ఉందండి?"

విస్తరణ సంగతి అక్కడితో పక్కకి పోయింది. విచారణ జరగాలన్నారు. ఊరు తప్పు రాస్తే రెండు సీజన్లు. రూలు నంబరుతో సహా చదివి వినిపించారు. నేను రాసిన వాక్యం నాకే చదివి వినిపిస్తుంటే తల ఎత్తలేకపోయాను.

ఆ వారంలో ప్యాసింజర్ పట్టుకుని రేపల్లె వెళ్లాను. ఏడుకొండలు సాయంత్రం ప్రాక్టీసులో ఉన్నాడు. పక్కకి పిలిచాను.

"ఆదివారం విచారణ. అడిగేది నేనే. నీ ఊరేదని అడుగుతాను, పెనుమూడి అను. అందులో అబద్ధం ఏమీ లేదు. సీజనంతా అక్కడే ఉంటావు కదా. రేషన్ కార్డు చూపించమని రూల్లో లేదు. అంతటితో అయిపోతుంది. నీ ఆట నీకుంటుంది. మీ వాళ్ల సంగతి వచ్చే ఏడు చూద్దాం."

అతను చేతికున్న గ్లవ్స్ విప్పకుండానే విన్నాడు. సంగతి బయటికి ఎలా వచ్చిందని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. నేను చెప్పలేదు.

"సరేనండి" అన్నాడు.

ఆదివారం పొద్దున రేపల్లె స్కూల్లో అందరం కూర్చున్నాం. పదింటికి మ్యాచ్ ఉంది కాబట్టి అతను ఆట బట్టల్లోనే వచ్చాడు. బల్ల మీద ఫారం పెట్టి నేనే అడిగాను.

"ఏడుకొండలూ, నీ ఊరేది?"

అతను నన్ను చూడలేదు. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"అవతలండి."

నేను ఫారం అతని వైపు జరిపాను. "సరిగా ఆలోచించుకుని చెప్పు. ఫారంలో పెనుమూడి అని ఉంది."

"పెనుమూడి మా అక్క ఊరండి. నా ఊరు అవతల."

బాపట్ల కార్యదర్శి ఫారం తన వైపు తిప్పుకున్నాడు. "మరి పెనుమూడి అని ఎవరు రాశారయ్యా?"

ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో గదిలో ముగ్గురికి తెలుసు. రాసిన ఆయనకి, సంతకం పెట్టిన అతనికి, ముద్ర కొట్టిన నాకు.

"సంతకం నాదేనండి" అన్నాడు ఏడుకొండలు.

సుభానీ భాయ్ నా వైపు తిరిగారు. "చెల్లెమ్మా, రిజిస్ట్రార్‌గా నువ్వేమైనా చెప్పాలా?"

చెప్పాలి. ఫారం నా ఎదుట నింపలేదని చెప్పాలి. ఊరు అన్న గడి నేను తెలివితక్కువగా గీశానని చెప్పాలి. చెబితే రేపల్లె కట్ట మొత్తం చెల్లదు, సీజన్ మధ్యలో ఒక జట్టు జట్టంతా ఆగిపోతుంది, పదిహేను మంది ఇళ్లకి పోతారు. ఇది నేను ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్న కారణం. చాలా బాగుంది కదా? ఆ నిమిషంలో నా మనసులో ఉన్నది ఇంత గొప్పది కాదు. ఏం రిజిస్ట్రార్ అమ్మా నువ్వు అంటారన్న భయం, అంతే. ప్రతి మీటింగ్‌లో ప్రతివాడికీ సమాధానం చెప్పిన నోరు అది.

"లేదు భాయ్" అన్నాను.

రెండు సీజన్ల నిషేధం. మాస్టారు కూడా చెయ్యి ఎత్తారు, సగం వరకు. దాని వెంటే అవతలి జట్టు ఉత్తరం మీద ఓటు. దొంగ చిరునామాల వాళ్లతో మనకెందుకని ఎవరో అన్నారు. ఇప్పుడు ఊరంతా చెప్పుకునే కథ పుట్టింది ఆ మాట దగ్గరే. ఆరుగురిలో ఐదుగురు వద్దన్నారు. చేర్చుకోవాలన్నది తెనాలి నుంచి వచ్చిన ఒక్కడే. రిజిస్ట్రార్‌కి ఓటు లేదు. ఉంటే మాత్రం నేను చెయ్యి ఎత్తేదాన్నని ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

బయట గ్రౌండ్‌లో మ్యాచ్‌కి వేళైంది. ఏడుకొండలు వరండాలో కూర్చుని గ్లవ్స్ విప్పి, తన బదులు దిగబోతున్న అతనికి ఇచ్చాడు. "కొంచెం బిగువుగా ఉంటాయి తమ్ముడూ, తడుపుకుని వేసుకో. ఎడమ పోస్టు దగ్గర నేల మెత్తగా ఉంది, చూసుకో." తర్వాత చెప్పులేసుకుని బస్టాండ్ వైపు వెళ్లిపోయాడు. నేను వరండాలోనే ఉన్నాను. నా పక్క నుంచే వెళ్లాడు, వెళ్లొస్తానండీ అన్నాడు కూడా.

ఆ మరుసటి ఏడు ఫారం మార్చాను. ఒక గడి బదులు మూడు గడులు. పుట్టిన ఊరు, ఇల్లున్న ఊరు, సీజన్‌లో ఉండే ఊరు. కార్యదర్శులు చూసి, "ఏంటి మేడం, ఇది జనాభా లెక్కలా?" అని నవ్వారు. నవ్వనిచ్చాను. ప్రతి ఊరికీ నేనే వెళ్లి, ప్రతి ఆటగాణ్ణీ ఎదుట కూర్చోబెట్టి, అతని చేత్తోనే రాయించాను. రాయడం రానివాళ్లు చెబితే నేను రాసి, రాసింది పైకి చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర వేయించాను. ఈ కేసు నా పనికి నేర్పిన పాఠం అదే. మనిషి లేకుండా వచ్చిన కాగితం ఎంత ముచ్చటగా ఉంటే దాన్ని అంత అనుమానించాలి. మా పిల్లలకీ, మా తర్వాత వచ్చిన పీడీలకీ ఇది చెబుతూనే ఉంటాను.

లీగ్ ఏటి అవతలికి వెళ్లి ఉండాల్సిందా? వెళ్లాల్సిందే. ఆ మాట మీద నేను మారలేదు. దూరం, పోలీసులు, రిఫరీలు, ఇవన్నీ కూర్చుని తేల్చుకోగల సంగతులు. అవతలి మనిషి మన మధ్య ఆడుతూనే ఉన్నప్పుడు అతని ఊరిని బయటపెట్టి తలుపెయ్యడం ఏ రకం న్యాయమో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. కానీ సరైన మాటని గెలిపించడానికి ఒక మనిషి నమ్మి చెప్పిన రహస్యాన్ని రాయిలా విసిరితే, ఆ మాట సరైనదై కూడా ఓడిపోతుంది. మా లీగ్ ఆ తర్వాత ఎంతోకాలం నడవలేదు. దానికి అవతలి వాళ్లు కారణం కాదు. వాళ్లు ఒక్కరోజు కూడా ఇందులో లేరు. గ్రౌండ్లు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి, అదీ కారణం.

నిషేధం తీరాక 2008లో ఒక శనివారం నేను వంతెన దాటి వెళ్లాను. కోసిన పొలంలో కర్రలు పాతి గోల్‌పోస్టులు కట్టుకుని పదిహేను మంది ఆడుతున్నారు. ఏడుకొండలు గట్టు మీద ట్రాక్టర్‌కి ఆనుకుని నిలబడి కేకలేస్తున్నాడు. కాస్త ఒళ్లు చేశాడు. మళ్లీ గోల్‌లోకి దిగొచ్చు కదయ్యా అంటే, "రెండేళ్లు ఆగిన కీపరు కీపరు కాదండి మేడం. బంతి వచ్చాక చెయ్యి లేస్తోంది" అన్నాడు.

ఇక దాచుకోలేక చెప్పేశాను. "ఆ రోజు బాపట్లలో నీ పేరు బయటపెట్టింది నేనేనయ్యా."

"తెలుసండి. ఆ సాయంత్రమే సుభానీ భాయ్ ఫోన్ చేశారు. మా చెల్లెమ్మ నోరు జారింది, మనసులో పెట్టుకోకు అన్నారు."

అంటే నేను రేపల్లె వెళ్లి, పెనుమూడి అను అని నేర్పినప్పుడు అతనికి అంతా తెలుసు. తెలిసే సరేనండి అన్నాడు.

"మరి నేను చెప్పిన మాట ఎందుకు అనలేదు? మాస్టారు రాశారనైనా ఎందుకు అనలేదు?"

"టీ తాగి వెళ్లండి మేడం, ఎండన పడొచ్చారు" అన్నాడు. అంతలో కుర్రాళ్లు ఏదో తప్పు చేస్తే గట్టు దిగి, కేకలేస్తూ వాళ్లలోకి వెళ్లిపోయాడు.

నిజాయితీపరుడమ్మా, అందుకే చెప్పాడు అంటారు, నేను ఎవరిని అడిగినా. నేను ఒప్పుకోను. నిజాయితీ ఒక్కటే అయితే చేతిరాత ఎవరిదో కూడా చెప్పేవాడు. మాస్టారి మీద గౌరవం అంటారు. గౌరవమే అయితే పెనుమూడి అన్న ఒక్క మాటతో మాస్టారూ, నేనూ, అతనూ, అందరం బయటపడేవాళ్లం. ఆట పోతుందని తెలుసు, జట్టుకి చోటు రాదని తెలుసు, ఎదుట కూర్చున్న మేం ఇద్దరం నోరు విప్పబోమని కూడా బహుశా తెలుసు. అంతా తెలిసి, ఆ ఒక్క మాట అనకుండా అతను కాపాడుకున్నది ఏంటి?